శస్త్రశాలలో గుమ్మడికాయలు

విశాఖుడికి ఇతిహాస పాఠమంటే ఒళ్ళుమంట.

కృష్ణ ఒడ్డున ఒకప్పటి విద్యాపీఠం అది. అక్కడ ఏ శాస్త్రం చదివేవాళ్ళయినా సరే, మధ్యాహ్నం గంట మోగగానే ఇతిహాసశాలకు వెళ్ళి కూర్చోవాలి. గణితం వాళ్ళకూ తప్పదు, వైద్యులకూ తప్పదు. శస్త్రవైద్యం చదివే విశాఖుడికి ఆ గంట వినబడితే చాలు, చిరాకు ముంచుకొచ్చేది.

మనుషుల మీద కత్తి పెట్టకముందు కాయల మీద చెయ్యి కుదుర్చుకోవడం శస్త్రశాల పద్ధతి. విశాఖుడు గుమ్మడికాయ తొక్కని లోపలి కండకు గాటు పడకుండా ఒలిచేవాడు. అతని సాధన పుణ్యమా అని పీఠంలో అందరూ రోజూ గుమ్మడికాయ పులుసే తినేవారు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అతని చెయ్యి అంత మంచిది మరి.

ఒక ఉదయం అతను గురువు చంద్రనంది దగ్గరికి వెళ్ళి, మనసులో ఉన్నది అడిగేశాడు.

"ఆచార్యా, చచ్చిపోయిన రాజుల కథలతో నాకేం పని? ఆ వేళ కూడా సాధన చేసుకుంటే నాలుగు ప్రాణాలు నిలబెడతాను. నాకు ఆ పాఠం తీసేయండి."

చంద్రనంది పీఠంలోకెల్లా పెద్ద శస్త్రవైద్యుడు. మాటల దగ్గర మాత్రం మహా పిసినారి.

"సరే, తీసేశాను. పోలమ్మ ఒప్పుకుందా?"

విశాఖుడి మొహం చిన్నబోయింది.

పోలమ్మ ఎద్దుల మీద ఉప్పు వేసుకుని ఊరూరా తిరిగి అమ్మే మనిషి. అరికాల్లో ముల్లు దిగి పాదం కుళ్ళింది. చీలమండ పైదాకా తీసేస్తే బతుకుతుంది, లేకపోతే లేదు. అయితే రోగి తన నోటితో 'కొయ్యండి' అనందే ఎవరూ కత్తి పట్టకూడదు. అది పీఠం నియమం.

"అన్నీ చెప్పాను ఆచార్యా. కుళ్ళు ఎందాకా పాకిందో చెప్పాను. మత్తు ఇస్తాం, నొప్పి తెలియదన్నాను. కాలు ఉంచుకుంటే ఏమవుతుందో కూడా దాచలేదు. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అయినా గోడవైపు తిరిగి పడుకుంటోంది. ఒట్టి మొండిది!"

ఆమె చచ్చిపోతుందని అతనికి నిజంగానే భయంగా ఉంది.

చంద్రనంది లేచి రోగుల వసారాకి నడిచాడు. పోలమ్మ మంచం పక్కన నేలమీదే చతికిలబడి, ఆ కుళ్ళిన పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"అమ్మా, ఈ కాలితో ఎక్కడెక్కడ తిరిగావు?"

పోలమ్మ ఇటు తిరిగింది. ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. అయినా చెప్పడం మొదలుపెట్టింది. ఉప్పుమళ్ళ దగ్గర తెల్లారగట్ట బయల్దేరడం, వాగులు దాటడం, ఏ ఊళ్ళో ఎవరు పిలిచి మజ్జిగ పోస్తారో, అన్నీ. గుమ్మం దగ్గర విశాఖుడు ఉడికిపోతున్నాడు.

"ఆచార్యా, పొద్దెక్కుతోంది" అన్నాడు.

చంద్రనంది వినిపించుకోలేదు. "ఆ తర్వాత?" అన్నాడు పోలమ్మతో.

"తర్వాతేముంది సామీ. మా ఆయన పోయాక ముందు నడిచేది నేనే. మా ముందరెద్దు పుల్లగాడు నా ఎనకాల తప్ప ఎవరెనకా అడుగెయ్యడు. ఆడు ఆగితే అన్నీ ఆగిపోతాయి. ఇంక నా కూతురు గంగి ఏం తింటది? కాల్లేకుండా బతికి, దాని నెత్తిన కూర్చోమంటావా?"

"ముల్లు ఎక్కడ దిగిందమ్మా?"

"కొండ పక్క దారిలో. అక్కడే కూలబడిపోయా. గంగే నన్ను పుల్లగాడి మీదకెక్కించి, తను ముందు నడిచి..."

పోలమ్మ ఆగిపోయింది.

"ఆడు దాని ఎనకాల నడిచాడు సామీ" అంది మెల్లగా. "నన్ను మోసుకుంటా, ఇక్కడిదాకా దాని ఎనకాలే వచ్చాడు. ఆ నొప్పిలో నేను చూసుకోనేలేదు."

తన పాదం వైపు చాలాసేపు చూసింది. కళ్ళు తుడుచుకుంది. గుమ్మం దగ్గరున్న విశాఖుణ్ణి పిలిచింది.

"కోసెయ్ నాయనా."

ఆ రోజు విశాఖుడి చెయ్యి తడబడలేదు. పోలమ్మ బతికింది. గాయం మానాక పుల్లగాడి మీద కూర్చుని, గంగి ముందు నడుస్తుండగా, విశాఖుడికి దణ్ణం పెట్టి వెళ్ళింది. ఆ దణ్ణం తీసుకోవడానికి అతనికి సిగ్గేసింది.

వాళ్ళు వెళ్ళాక శస్త్రశాలకు వచ్చి కాయల ముందు కూర్చున్నాడు. చంద్రనంది అటుగా వచ్చాడు.

"ఆచార్యా, నేను చెప్పినవన్నీ నిజాలే. నా చేతిలోనూ లోపం లేదు. మరి నాతో ఎందుకు వద్దంది?"

చంద్రనంది ఒక గుమ్మడికాయ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"విశాఖా, ఇది ఎప్పుడైనా నిన్ను వద్దందా? తన కథ చెప్పిందా?"

కాయ అతని చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం గంట మోగింది. విశాఖుడు ఇప్పుడు వెళ్ళనక్కర్లేదు. కాయని పక్కన పెట్టాడు, కత్తి తుడిచి ఒరలో పెట్టాడు, ఇతిహాసశాల వైపు నడిచాడు.