గుటక

1991 ఆగస్టు 11, ఆదివారం. బందరులో పొద్దున్నించీ మబ్బు పట్టి ఉంది గానీ చినుకు లేదు. గాలి ఎక్కడిదక్కడ నిలిచిపోయింది. ముందురోజు ఆరేసిన బట్టలు ఇంకా చెమ్మగానే ఉన్నాయి. బందరు ఉక్క సంగతి బందరువాళ్లకు చెప్పక్కర్లేదు, పై ఊరివాళ్లకు చెప్పినా అర్థం కాదు.

ఆ ఉక్కలో తమ్మోజు వీరభద్రాచారి ఉతికిన పంచె కట్టుకుని, ఒక టేకు పెట్టెను ఒళ్లో పెట్టుకుని, ఇనుగుదురుపేటలో జిలానీ సాహెబు రేడియో షాపు ముందు రిక్షా దిగాడు. రిక్షావాడు సాయం పడతానంటే కసిరాడు. పెట్టె మీద వాడి చెమట చెయ్యి పడటం ఇష్టం లేదు.

ఆచారి వడ్రంగి. నలభై దాటాక సాహెబు దగ్గర రేడియో పనికి శిష్యుడుగా చేరాడు. సాహెబు ఒకప్పుడు ఒక రేడియో కేంద్రంలో, రికార్డింగు గదిలో పాతికేళ్లు పనిచేసినవాడు. ఆ గదిలో ఇంగ్లండు సీమ నుంచి వచ్చిన రెండు స్పీకరు పెట్టెలుండేవి. ఒకటి కాలిపోయింది. రెండోది పాత సామాను కింద వేలం వేస్తే సాహెబు పాడుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

"దీనికి జోడీ చేసినవాడిదే ఇది," అన్నాడు ఒకసారి.

ఆ ఒక్క మాట ఆచారిని రెండేళ్లు కుదురుగా కూర్చోనివ్వలేదు. సాహెబుకు ఊపిరితిత్తులు చెడ్డాయి. దసరా దాటడం కష్టమని డాక్టరు చెప్పాక తొందర ఇంకా ఎక్కువైంది.

లోపల బిగించే స్పీకరు అచ్చంగా అలాంటిదే మద్రాసు నుంచి తెప్పించాడు. పెట్టె దగ్గర మాత్రం ఆచారి చెయ్యి ఊరుకోలేదు. పాతది పలచని ప్లైవుడ్డు, బయట రంగు పెచ్చులూడింది. తను అంగుళం మందాన బర్మా టేకు వాడాడు. పాతదాని లోపల గోడలకు దిట్టంగా తారు పూసి ఉంది. అది చూసి నవ్వుకున్నాడు. వాళ్ల తాత గిలకలదిండిలో పడవలు కట్టినవాడు. తారు ఎందుకు పూస్తారో ఆచారికి ఒకరు చెప్పాలా? ఉప్పుగాలికి చెక్క పుచ్చకుండా. టేకుకు ఆ దిగుల్లేదు. తారు మానేశాడు.

సాహెబు పెట్టె చుట్టూ అరచెయ్యి తిప్పాడు. "పెళ్లికూతురల్లే ఉందయ్యా."

"మరి జోడీ నాదే కదా గురువు గారూ?"

"కూర్చో. దగ్గు తగ్గనీ."

తగ్గడానికి చాలాసేపు పట్టింది. తర్వాత సాహెబు ట్రంకుపెట్టె తెరిచి అడుగునించి ఒక టేపు తీశాడు. ఇరవై మూడేళ్ల కింద ఏట్లో లాంచీ మునిగినప్పుడు, చనిపోయినవాళ్ల పేర్లు రేడియోలో చదివిన టేపు. చదివింది సుభద్రమ్మ అనే ఆవిడ.

ముందు టేపు యంత్రాన్ని ఆచారి పెట్టెకు కలిపి వినిపించాడు. గొంతు నిండుగా, గంభీరంగా వచ్చింది. పేరు, వయసు. పేరు, వయసు.

"ఎంత బాగా చదివిందండీ!" అన్నాడు ఆచారి.

సాహెబు టేపు వెనక్కి తిప్పి, తీగె మార్చి పాత పెట్టెకు కలిపాడు.

అందులో గొంతు అంత బాగా లేదు. పొడిగా ఉంది. కాగితం చప్పుడు వినిపించింది, కుర్చీ కిర్రుమంది. పది పేర్లయ్యాయి. పదకొండో పేరు ముందు గొంతు ఆగింది. ఒక గుటక.

"షేక్ ఖాజా మొహిద్దీన్. పద్దెనిమిదేళ్లు."

సాహెబుకు ఉన్న ఒక్క కొడుకూ ఏట్లో పోయాడని ఆచారి ఎరుగును. అంతకు మించి ఎప్పుడూ అడగలేదు.

"పట్టిక అప్పుడే వచ్చింది. ఆవిడ చేతికిచ్చింది నేనే. చదవకుండా ఇచ్చాను," అన్నాడు సాహెబు. "ఆవిడ అద్దానికి అవతల, నేను ఇవతల దీని ముందు. పేరు తర్వాత వచ్చింది. నాకు గుటకతోనే తెలిసింది."

"నా పెట్టెలో..."

"నీ పెట్టెలో ఆవిడ గుటక మింగలేదు."

వేలి కణుపుతో పాత పెట్టెను కొట్టాడు. తడి గోనెను కొట్టినట్టు ధప్పుమంది. టేకు పెట్టెను కొట్టాడు. కంయ్‌మని కాసేపు మోగింది.

"నీది ఆవిడతో పాటు తనూ పాడుతోంది, ఆచారీ."

వంగి, బల్ల కింద ఉన్న తారు డబ్బా తీసి ఆచారి ఒళ్లో పెట్టాడు. పంచె నల్లనైంది.

ఇంటికెళ్లి ఆచారి తను బిగించిన కీళ్లు తనే విప్పాడు. పలకల మందం సగానికి దిగేదాకా చిత్రిక పట్టాడు. మళ్లీ బిగించి, లోపలంతా తారు పూశాడు.

"పిచ్చా వెర్రా? ఇంత పాలిషు పెట్టెకు లోపల తారా?" అంది భార్య.

"పాలిషు బయటే ఉందిగా. ఉండనీ."

నెల తిరక్కుండా తీసుకెళ్లాడు. సాహెబు మంచం మీంచి లేవలేకపోయాడు. ఆచారే టేపు ఎక్కించాడు. కాగితం చప్పుడు, కుర్చీ కిర్రు. పది పేర్లు. గుటక.

జోడీ నాదేనా అని ఆచారి అడగలేదు.

సాహెబు కళ్లు మూసుకున్నాడు. "ఇక ఆపెయ్," అన్నాడు.

వారంలో పోయాడు. వీలునామా కాగితం రాసి పెట్టలేదు. షాపు, అందులో సామాను అన్న కొడుకు కరీముల్లాకు వచ్చాయి. గుడివాడ నుంచి వచ్చాడు. అంతకు ముందు ఆ గడప తొక్కినవాడు కాదు. టేపు సుభద్రమ్మకు చేర్చమని సాహెబు నోటితో చెప్పిపోయాడు. ఆచారే పట్టుకెళ్లి ఇచ్చాడు. ఆవిడ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆవిడింట్లో దాన్ని వినిపించే యంత్రం లేదు.

కరీముల్లా రెండు పెట్టెలనూ చూశాడు. మెరుస్తున్నదాని మీద చెయ్యి వేశాడు.

"ఇదేగా ఆ సీమ సరుకు? చూస్తేనే తెలుస్తోంది. ఆచారి గారూ, ఆ డొక్కుది మీరు చేసిందే కదూ? పట్టుకుపోండి."

ఆచారి నోరు తెరిచాడు. ఒక గుటక మింగాడు. పాత పెట్టెను నెత్తికెత్తుకుని బయటికి నడిచాడు.

అంత చాకిరీ చేసినా సాహెబు సొత్తులో ఆచారికి ఏమీ రాలేదని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.