ముక్కిచ్చిన మంచుకొండ కోతి

ఒకప్పుడు మంచుకొండల మీది కోతులకు ముక్కులు ఎంత బారుగా ఉండేవో! అవతలి కొండ మీద పండు పండితే ఇవతలి కొండ మీదే వాసన పట్టేసేవి. ఆ ముక్కులు చూసుకుని వాటికి ఒకటే మురిపెం.

ఒక ఏడు మంచు ముందే ముంచుకొచ్చింది. పళ్లు రాలిపోయాయి. ఎలుగుబంట్లు గుహల్లో ముడుచుకున్నాయి. పిట్టలు లోయకు ఎగిరిపోయాయి. పసిడి అనే తల్లికోతి ఎటు ముక్కు తిప్పినా మంచు వాసనే! ఆమె బిడ్డ గున్న ఆకలికి ఏడ్చి ఏడ్చి, చివరికి ఏడవడం కూడా మానేశాడు.

"లోయకు పోదాం పదవే" అన్నాయి తోటి కోతులు.

"అంత దూరం పోయేలోపే నా బిడ్డ ప్రాణం పోతుంది. అయినా ఇది మన కొండ. వెతికితే ఏదో ఒకటి దొరక్కపోదు" అంది పసిడి.

ముసలి దేవదారు చెట్టుకు బూడిదరంగు పాచి గడ్డంలా వేలాడుతోంది. పసిడి చెయ్యి చాచింది.

"ఆగమ్మా! నా గడ్డం పెంచింది చలిగాలి. వాణ్ని అడిగి తీసుకో" అన్నాడు దేవదారు తాత.

చలిగాలి బుస్సుమంటూ వచ్చాడు. "ఊరికే ఇస్తానా? నీ ముక్కు ఇచ్చెయ్. ముక్కు లేకపోతే నలుగురూ నవ్వుతారు, ఆలోచించుకో!"

"నవ్వేవాళ్లను నవ్వనీ. నాకు నా బిడ్డ బతకాలి" అని పసిడి మొహం ముందుకు చాపింది.

చలిగాలి ముక్కు కొరుక్కుపోయాడు. పసిడి గుప్పెడు పాచి తెంపి, మెత్తగా నమిలి గున్న నోట్లో పెట్టింది. గున్న మెల్లగా కళ్లు తెరిచాడు.

అది చూసి మిగతా కోతులు ఊరుకున్నాయా? "మా పసిడి ఒక్కతే ముక్కిడిగా తిరగాలా? మా ముక్కులూ తీసుకో!" అంటూ వరసగా నిలబడ్డాయి. అంత చలిగాలికీ సిగ్గేసింది! కానీ మాట మాటే కదా, తీసుకున్నాడు.

"మొదలంటా పీకేరు సుమా! గుప్పెడు తిని పక్క చెట్టుకు పొండి. మీరు తిరిగొచ్చేసరికి మళ్లీ పెరుగుతుంది" అన్నాడు తాత.

మంచు కరిగాక లోయ కోతులు పైకొచ్చి పొట్టలు పట్టుకుని నవ్వాయి. "ముక్కిడి మొహాల్లారా! మీ ముక్కులేవర్రా?"

గున్న తల్లి భుజమెక్కి రొమ్ము విరుచుకున్నాడు. "మా అమ్మ ముక్కు ఎక్కడికీ పోలేదు. ఇదిగో, నేనే!"

పసిడి మొహం ఆకాశానికెత్తింది. కొండ మీది కోతులన్నీ ఎత్తాయి. లోయ కోతులు నవ్వు ఆపి, వచ్చిన దారినే దిగిపోయాయి.

అప్పటినుంచే మంచుకొండ కోతులకు ముక్కు చట్టిగా, ముక్కుపుటాలు పైకి చూస్తూ ఉంటాయి. చలికాలమంతా అవి చెట్ల గడ్డం తింటూ, చెట్టు తర్వాత చెట్టు మారుతూ, తమ కొండ మీదే దర్జాగా బతుకుతున్నాయి. వాటిని ముక్కిడి అని వెక్కిరించి చూడండి, మొహం ఇంకాస్త పైకెత్తుతాయి!