ఉరుకులప్ప పోయిన దారి

నల్లగుట్ట మీద ఒక దోన ఉంది. దోన అంటే బండరాతిలో వాననీళ్లు నిలిచే గుంట. ఎండలు ఎంత మండినా అందులో నీళ్లు అడుగంటవు. గుట్ట మీద బతికే కుందేళ్లు, కౌజు పిట్టలు, ముంగిసలు, ఉడుములు, ఆఖరికి నక్కలు కూడా దాహమైతే అక్కడికే రావాలి. అందుకని అందరూ కలిసి ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. గుట్టలో ఎవరైనా పోతే, వాళ్లు పోయిన దారి చెప్పాలి. చూసినవాళ్లు దోన పక్క బండ ఎక్కి, పోయినవాళ్లు ఎక్కణ్ణుంచి బయల్దేరారు, ఎటు మళ్లారు, ఎక్కడ ఆగిపోయారు అన్నీ వినిపించాలి. అది పూర్తయ్యేదాకా ఎవరూ నీళ్లు ముట్టకూడదు, ఎవరూ ఎవరి మీదా పడకూడదు. కూర్చుని ఏడవడానికి పెట్టుకున్న పద్ధతి కాదిది. పోయినవాళ్లు ఎటూ తిరిగి రారు. ఉన్నవాళ్లకు ఆ దారిన పోవాలో వద్దో తెలియాలి కదా, అందుకు.

దారి చెప్పడం చాలాకాలంగా గోరింక సుంకులమ్మ పని. పైన ఎగిరే ప్రాణి, ఆమె కంట పడనిది లేదు. పైగా మాట మహా తీపి. ఎండుగడ్డి గురించి చెప్పినా వినేవాళ్లకు నోరూరేది. చివరికి ఆ తీపే కొంప మీదికి తెచ్చింది. ఆ సంగతికే వస్తున్నాను.

కుందేలు ఉరుకులప్ప అంతటి పిరికివాడు ఆ గుట్టలో ఇంకొకడు లేడు. ఇది నేను ఎగతాళికి అంటున్న మాట కాదు, ఆయన భార్య గరికమ్మే అనేది. ఆకు రాలితే ఉరికేవాడు. తన నీడ తనకంటే ముందుకొస్తే ఉరికేవాడు. అయితే ఉరికే ముందు ఒక పని మాత్రం తప్పకుండా చేసేవాడు. వెనక కాలితో నేల మీద దబదబా కొట్టేవాడు. వెనకొచ్చేవాళ్లు ఆగిపోండి, ముప్పుంది అని కుందేళ్లలో దానర్థం. అయినదానికీ కానిదానికీ కొట్టడంతో ఆ చప్పుడంటే ఎవరికీ లెక్క లేకుండా పోయింది. కూతురు రేగి అయితే మేతకు పోయి సగంలోనే తిరిగొచ్చి, "నాయన మళ్లా కొట్టినాడమ్మా" అని పడి పడి నవ్వేది.

ఆ ఏడు వాన సరిగా లేక గుట్ట మీద మేత తగ్గింది. గుట్ట కింద వేరుశనగ చేను మాత్రం పచ్చగా ఉంది. ఇరుగుపొరుగు కుందేళ్లన్నీ చేలో పడి మేసి నున్నగా తయారవుతుంటే, తన పిల్ల డొక్కలు చూసి గరికమ్మకు ఒళ్లు మండింది. ఆ సాయంత్రం మొగుడి మీద నోరు చేసుకుంది. తొండకున్న ధైర్యం కూడా నీకు లేదు, నిన్ను కట్టుకుని ఏం బాగుపడ్డాను అని దులిపేసింది. ఉరుకులప్ప చెవులు వెనక్కి వాల్చుకుని కూర్చున్నాడు.

తెల్లవారుతూనే లేచి పోయాడు. రేగి నిద్ర కళ్లతో నాయన వెంట పడింది. కాసేపటికే తిరిగొచ్చి నవ్వుతూ అదే మాట అంది, నాయన మళ్లా కొట్టినాడని. గరికమ్మ కూడా నవ్వింది.

పొద్దు బారెడు ఎక్కాక సుంకులమ్మ వచ్చి పొద మీద వాలింది. ఉరుకులప్ప ఇక లేడని మాత్రం చెప్పి, మిగతాది సాయంత్రం దోన దగ్గర చెబుతానంది. గరికమ్మ నేల మీద పడి పొర్లింది. నా నోరే ఆయన్ను చంపింది, నా మాటకే పోయినాడు అని ఒకటే ఏడుపు.

సాయంత్రం అందరూ దోన చుట్టూ చేరారు. నక్క ఓబులేసు కూడా వచ్చాడు, అందరికంటే ముందే వచ్చాడు. సుంకులమ్మను పక్కకు పిలిచి చెట్టు కింద ఏదో గుసగుసలాడాడు. గరికమ్మ అది చూసింది కానీ, ఎందుకు ఏమిటని ఆలోచించే స్థితిలో లేదు.

సుంకులమ్మ బండ ఎక్కి దారి చెప్పింది. సగం దారిలో రేగి వెనక్కి మళ్లాక, ఉరుకులప్ప చేనువైపు దిగడం మానేశాడట. పైకి, గుండ్ల సందుకు పోయాడట. అక్కడ చిరుత ఎదురుపడిందట. ఉరుకులప్ప ఉరకలేదట. చెవులు నిక్కించి, ఛాతీ విరుచుకుని, నా పెళ్లాం పిల్ల మేసే చోటికి నువ్వెవతివే వచ్చేదానికి అని గదమాయించి, గాల్లోకి ఎగిరి చిరుత ముక్కు మీద రెండు కాళ్లూ కలిపి తన్నాడట. చిరుత మూలిగిందట. పొద్దు పైకి వచ్చేదాకా పోరాడి, అప్పుడు ఒరిగాడట.

వినేవాళ్లలో వేళ్లున్నవాళ్లు ముక్కున వేలేసుకున్నారు, లేనివాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. ముసలి ఉడుము ఒక్కడు మాత్రం, మన ఉరుకులప్పేనా అని నసిగాడు. ఓబులేసు వెంటనే కసిరాడు. పోయినవాడి మీద అనుమానాలేమిటి, పక్కన ఆ మనిషి కూర్చుని ఉందన్న ఇంగితం లేదా అని గడ్డి పెట్టాడు. ఉడుము తల దించుకున్నాడు.

గరికమ్మ మాత్రం ఆ కథను గుండెకు హత్తుకుంది. పిరికివాడని తను తిట్టిన మనిషి చిరుతను తన్ని పోయాడు. ఏడుపులోనే ఆమెకు గర్వం వచ్చింది. రోజూ పడుకునే ముందు రేగికి ఆ కథ చెప్పేది, చెప్పిన ప్రతిసారీ చిరుత ఇంకొంచెం పెద్దదయ్యేది. ఆమెను తప్పు పట్టడానికి నాకైతే మనసొప్పదు.

కానీ ఆ కథ విన్నవాళ్లు ఊరుకోరు కదా, దాని ప్రకారం నడుస్తారు. గుండ్ల సందు వైపు పోవడం అందరూ మానేశారు. అక్కడ మిగిలిన కాస్త గడ్డీ తినే దిక్కులేక ముదిరి ఎండిపోయింది. అందరూ గుట్ట దిగి చేనువైపే పోసాగారు. చేను చుట్టూ ముళ్లకంప. అందులో చింతచెట్టు పక్కన ఒకే ఒక సందు. కొన్నాళ్లకు ఒక కౌజు పిట్ట మేతకు పోయి తిరిగి రాలేదు. ఆ తర్వాత అవతలి పొదలోని కుందేలు రాలేదు. చూసినవాళ్లు లేరు కాబట్టి వాళ్ల దారి చెప్పినవాళ్లూ లేరు. సుంకులమ్మ చేనువైపు ఎగరడమే మానేసిందని ఎవరూ గమనించలేదు. ఓబులేసు బొజ్జ పెరగడం మాత్రం అందరూ గమనించారు. కరువులో కూడా ఆ ఒంటి తీరు చూడు అని ముచ్చటపడ్డారు కూడా.

ఒకరోజు పొద్దున్నే రేగి తల్లికి చెప్పకుండా చేనుకు బయల్దేరింది. చిరుతనే తన్నినవాడి కూతురు, దానికి భయమేమిటి. గరికమ్మ లేచి చూసి, కేకలేసుకుంటూ వెనక పడింది. చింతచెట్టు దగ్గరికి వచ్చేసరికి రేగి కంప సందుకు కాస్త దూరంలో ఎగురుకుంటూ పోతోంది. గరికమ్మ చూపు సందు మీద పడింది. పచ్చి కొమ్మల మధ్య సన్నటి తీగ గుండ్రంగా వేలాడుతోంది. పక్కన ముళ్లకు వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. నల్లటి వెంట్రుకలు, మధ్యలో తెల్లటి పాయ. ఉరుకులప్ప మెడ మీద మచ్చ అది. ఎన్ని ఏళ్లు నాలుకతో నిమిరిన మచ్చ, ఆమెకు తెలియదా.

కేకలకు ఆగే పిల్ల కాదు అది. అప్పుడు గరికమ్మ బతుకులో ఎన్నడూ చేయని పని చేసింది. వెనక కాలితో నేల మీద దబదబా కొట్టింది. రేగి ఆగిపోయింది. ఆగి వెనక్కి తిరిగి, "అచ్చం నాయన కొట్టినట్టే కొట్టినావమ్మా" అని నవ్వింది. గరికమ్మ ముళ్లకున్న ఆ వెంట్రుకల పాయను నోట కరుచుకుని, కూతుర్ని ముందు పెట్టుకుని గుట్ట ఎక్కింది.

నేరుగా సుంకులమ్మ ఉండే చెట్టు కిందికి పోయి, ఆ పాయను చెట్టు మొదట్లో పెట్టింది.

"సుంకులక్కా, చిరుత ఎక్కడుంది?" అని అడిగింది.

సుంకులమ్మ కొమ్మ మీద అటూ ఇటూ జరిగింది. కింద ఆ తెల్లటి పాయ కనిపించింది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

"చిరుత లేదు గరికమ్మా. ఉచ్చు. నడుముకు పడింది. నేను పైనుంచి చూస్తానే ఉన్నా. ఆ చూసింది నీ ముందు చెప్పలేకపోయినా. నువ్వు నేల మీద పడి పొర్లుతుంటే నాకు నోరు రాలేదు. ఓబులేసు వచ్చి, పాపం ఆ ఆడమనిషికి ఒక మంచి కథ చెబితే నీ సొమ్మేం పోయింది అన్నాడు. చిరుత కూడా వాడు చెప్పిందే, గుండ్ల సందు కూడా వాడు చెప్పిందే. జాలికి చెప్పినాడనుకున్నా."

గరికమ్మకు ఓబులేసు బొజ్జ ఎక్కడిదో అర్థమైంది. ఉచ్చు పెట్టినవాడు రాకముందే ఉచ్చులో పడినదాన్ని ఎత్తుకుపోయేది ఎవరో, చేనువైపే అందరూ పోవాలని కోరుకున్నది ఎవరో అర్థమైంది. కోపం ముంచుకొచ్చింది. అయినా ఆ కోపం కంటే పెద్దది ఇంకొకటి ఆమెను తినేస్తోంది.

"అయితే ఆయన భయపడే పోయినాడా?"

"భయపడినాడు. ఎందుకు అబద్ధం చెప్పాల మళ్లా. బాగా భయపడినాడు." సుంకులమ్మ కింది కొమ్మకు దిగింది. "గింజుకుంటే తీగ ఇంకా బిగుసుకుంటుంది కదా. కదలకుండా ఉంటే కాస్త ఊపిరి ఆడేదేమో. కానీ ఉరుకులప్ప కదలకుండా ఉండలేదు. వెనక కాలితో నేలను కొడుతూనే ఉన్నాడు. ఎందుకు కొడుతున్నాడో నాకు మొదట తెలియలేదు. చూస్తే దారిలో నీ కూతురు వస్తా ఉంది. అది ఆగి, నవ్వి, వెనక్కి తిరిగేదాకా కొట్టినాడు. అది కనుమరుగయినాక ఆపినాడు."

గరికమ్మ ఆ పాయను ముక్కుతో దగ్గరికి లాక్కుంది. చిరుతను తన్నిన మొగుడు పోయాడు, ఆమె మొగుడు ఆమెకు దొరికాడు. ఎప్పుడూ నవ్వుకునే ఆ చప్పుడు ఎవరి కోసమో ఆ పూట తెలిసింది. అప్పుడు ఏడ్చిన ఏడుపు వేరు, ఇప్పుడు ఏడ్చింది వేరు. ఏడ్చాక కళ్లు తుడుచుకుని, సాయంత్రం దారి మళ్లీ చెప్పాలి అంది. ఒకసారి చెప్పిన దారి రెండోసారి చెప్పే ఆనవాయితీ లేదని సుంకులమ్మ గొణిగింది. నా మొగుడు పోయింది ఒక్కసారే, ఆ ఒక్కసారీ సరిగ్గా చెప్పలేదు కదా అంది గరికమ్మ.

సాయంత్రం దోన దగ్గర సుంకులమ్మ మళ్లీ బండ ఎక్కింది. ఈసారి గొంతులో తీపి లేదు. చింతచెట్టు, కంప సందు, తీగ ఎంత ఎత్తున వేలాడుతుంది, పచ్చి కొమ్మలతో ఎలా కప్పి ఉంటుంది, ఉరుకులప్ప ఎటునుంచి వచ్చాడు, ఏం చేశాడు, అన్నీ వరసగా చెప్పింది. ఉచ్చుల్లో చిక్కినవి ఎవరి కడుపులోకి పోతున్నాయో కూడా చెప్పింది. నవ్వినవాళ్లు లేరు. రేగి తల్లి పొట్టలో మొహం దాచుకుంది. ముసలి ఉడుము మాత్రం, అవును, ఈయన మన ఉరుకులప్పే అన్నాడు.

అందరి కళ్లూ ఓబులేసు మీదికి తిరిగాయి. దారి చెప్పే పూట కాబట్టి ఎవరూ మీద పడలేదు. వాడేమీ తగ్గలేదు. మొన్న చిరుత అన్నావు, ఈరోజు ఉచ్చు అంటున్నావు, రేపు ఏనుగు అంటావు అని వెకిలిగా నవ్వి లేచాడు.

"ఉండు ఓబులేసూ," అంది సుంకులమ్మ. "ఈరోజు మళ్లీ చేను మీద తిరిగి వచ్చినా. తన వేటను ఎవరో ఎత్తుకుపోతున్నారని ఉచ్చులవాడు కనిపెట్టినాడు. నువ్వు చేను దగ్గరికి దిగే వాగు వంకలో, తంగేడు పొద కింద లావు తీగ వేసినాడు. ఆ పొద పక్కకు పోవద్దు."

గరికమ్మ విస్తుపోయింది. వాడికెందుకు చెప్పినావక్కా అని మెల్లగా అడిగింది. బండ ఎక్కినాక వినేవాళ్లను ఏరుకోకూడదమ్మా అంది సుంకులమ్మ.

ఓబులేసు గుట్ట దిగుతూ దారంతా నవ్వుకున్నాడు. దీనికి కథలల్లడం నేర్పిందే తను. పైకి పోయినవాణ్ణి కిందికి, కిందికి పోయినవాణ్ణి పైకి చెప్పడమే కదా ఆ విద్య. తంగేడు పొద దగ్గర ఉందంటే అక్కడ తప్ప ఇంకెక్కడైనా ఉన్నట్టే. తనను అవతలి దారికి మళ్లించి ఉచ్చులో పడేయాలని చూస్తోంది. నా కథ నాకేనా అనుకుంటూ, వంకలోకి దిగి నిక్షేపంగా తంగేడు పొద కిందినుంచి దూరాడు.

వాడి అరుపు గుట్ట మీదిదాకా వినిపించింది. గరికమ్మకు సంతోషం కలగాలి. నిజం చెప్పాలంటే కాస్త కలిగింది కూడా. ఆ వెంటనే, తీగ బిగుసుకోవడం ఎలా ఉంటుందో తలపుకొచ్చి, రేగి చెవులు రెండూ కాళ్లతో మూసింది.

మర్నాడు అందరూ మళ్లీ దోన దగ్గర చేరారు. నక్క అయినా పోయినవాడు పోయినవాడే, దారి చెప్పాలి. ఓబులేసు పెళ్లాం ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని దూరంగా, తల వంచుకుని కూర్చుంది. ముంగిస ఒకడు సుంకులమ్మ దగ్గరికి పోయి, వాడు చేసిన పాపానికి తగ్గట్టు కాస్త భయంకరంగా చెప్పమని సలహా ఇచ్చాడు. సుంకులమ్మ గరికమ్మ వైపు చూసింది. గరికమ్మ ఆ నక్క పిల్లల వైపు చూసింది. తిండి దొరక్క వాటి డొక్కలూ లోపలికే ఉన్నాయి.

"తంగేడు పొద ఎక్కడుందో బాగా విడమరిచి చెప్పక్కా," అంది. "ఆ పిల్లలు కూడా రేపు ఆ వంకలోనే నడవాలి."

కథకు ఎన్ని మెరుగులైనా దిద్దుకోవచ్చు గానీ, వినేవాళ్లు నడవబోయే దారిని మాత్రం మార్చి చెప్పకూడదు.