బొట్టు పెట్టిన మోడెమ్

గుమ్మడివాగు ఆనకట్ట గేట్లను ముప్పై కిలోమీటర్ల దూరంలోని పట్నం నుంచి కంప్యూటర్లతో నడిపించే కార్యాలయంలో భార్గవ అనే నెట్‌వర్క్ ఇంజనీరు ఉండేవాడు. పని బాగా తెలిసినవాడే గాని, పాత వస్తువు కంటబడితే చాలు అతనికి ఒళ్ళు మండేది.

అదే కార్యాలయంలో మంగతాయారు అనే పెద్దావిడ టెక్నీషియన్‌గా పనిచేసేది. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీ రోజుల నుంచి ఆవిడ బతుకంతా తీగల మధ్యే గడిచింది. ఆవిడ బల్ల మీద ఇటుకంత లావు లాప్‌టాప్ ఒకటి, దాని పక్కన రంగు వెలిసిన మోడెమ్ ఒకటి ఉండేవి. అలాంటి మోడెమే ఆనకట్ట మీద కూడా ఉండేది. గేట్లకు ఆజ్ఞలు చేరవేసే స్విచ్చి అనే నెట్‌వర్క్ పెట్టె వెనక దాన్ని తగిలించారు. నెట్‌వర్క్ దారి మూసుకుపోయినా, పాత టెలిఫోను తీగ మీదుగా నేరుగా ఆ స్విచ్చిలోకి వెళ్ళవచ్చు. పెరటి గుమ్మం లాంటిదన్నమాట. ప్రతి శుక్రవారం మంగతాయారు అవతలికి ఫోను కలిపేది. అక్కడి మోడెమ్ కీచుమని బదులిస్తే, "పలికింది" అని పుస్తకంలో రాసుకునేది. ఏటా ఆయుధపూజనాడు రెండు మోడెమ్‌లకీ పసుపు రాయించి బొట్టు పెట్టించేది.

"తాయారుగారూ, దీనికి పులిహోర కూడా పెడతారా?" అని భార్గవ ఎగతాళి చేసేవాడు.

"పలికినన్నాళ్ళూ పెడతాను సార్," అనేది ఆవిడ, తల ఎత్తకుండానే.

ఒకరోజు అతనికి ఓపిక నశించింది. ఆవిడ లాప్‌టాప్‌నూ మోడెమ్‌నూ పాత సామాన్ల గదిలో పడేయించాడు. ఆనకట్ట మీద గేట్లు చూసుకునే అప్పలకొండకు వైర్‌లెస్‌లో చెప్పాడు. "ఆ బొట్టు పెట్టె పీకి అవతల పారెయ్."

"అలాగే బాబూ," అన్నాడు అప్పలకొండ.

 మంగతాయారు పుస్తకంలో ఆ శుక్రవారం గడి ఖాళీగా ఉండిపోయింది. ఆ తరువాత శుక్రవారమూ అంతే.

మూడో శుక్రవారం నాటికి వాన పట్టుకుంది. రెండు రోజులుగా తెరిపి లేదు. వాగు పొంగి జలాశయం నిండిపోతోంది. ఉదయం పదకొండు గంటలకు గేట్లెత్తాలని పైనుంచి ఆదేశం వచ్చింది. దిగువనున్న వాగువలసలో మూడొందల గడప ఉంది. నీళ్ళు ఆనకట్ట మీదుగా పొర్లితే ఊరు మిగలదు.

అప్పటికి ఇంకా పదిన్నర. ఈలోగా ఒక పని ముగించేద్దామనుకున్నాడు భార్గవ. స్విచ్చిలోకి ఎవరెవరిని రానివ్వాలో రాసే జాబితా పాతబడిపోయింది. దాన్ని తీసేసి కొత్తది పెట్టాలి.

"వాన రోజు దాన్ని ముట్టుకోకండి సార్," అంది మంగతాయారు.

"రెండు నిమిషాల పని," అన్నాడతను.

టకటకా జాబితా రాశాడు. అమలు చేశాడు, ఆ ఊపులోనే, స్విచ్చి ఆపి వేసినా పోకుండా భద్రం కూడా చేశాడు. తెర కదలలేదు. మళ్ళీ నొక్కాడు. కదలలేదు. అప్పుడు తెలిసింది. జాబితాలో అందరినీ రాశాడు, తన కార్యాలయాన్ని రాయడం మరిచాడు. తన చేత్తో తానే తలుపేసుకుని బయట నిలబడ్డాడు.

 వైర్‌లెస్ అందుకుని స్విచ్చి ఆపి మళ్ళీ వెయ్యమన్నాడు. అప్పలకొండ అలాగే చేశాడు. కాని భద్రం చేసిన జాబితా ఎక్కడికి పోతుంది? లేవగానే స్విచ్చి దాన్నే పట్టుకుంది.

"ఏటైనాది బాబూ? గేట్లు కదల్నేదు," అన్నాడు అప్పలకొండ. "నీల్లు పైకొచ్చేత్తన్నాయి."

"చేత్తో తిప్పలేవా?"

"ఒక్కో గేటుకీ నలుగురు మనుసులు కావాల బాబూ. నానొక్కన్నే ఉన్నాను. రోడ్డు మీద నడుంలోతు నీరు, ఎవులొత్తారు? నా ఇంటిదీ పిల్లలూ ఆ ఊల్లోనే ఉన్నారు."

 మూడొందల గడప. తను నొక్కిన ఒక్క మీట. భార్గవ మంగతాయారు వైపు తిరిగాడు. "అమ్మా, మీ మోడెమ్..." అన్నాడు. ఆవిడను అమ్మా అని పిలవడం అదే మొదటిసారి.

మంగతాయారు అప్పటికే పాత సామాన్ల గది వైపు పరుగెత్తుతోంది.

దుమ్ముకొట్టుకున్న మోడెమ్‌నూ లాప్‌టాప్‌నూ తెచ్చి బల్ల మీద పెట్టింది. తొందరలో భార్గవ మోడెమ్ తీగను తన కొత్త లాప్‌టాప్‌కు తగిలించబోయాడు. అందులో ఆ తీగ పట్టే చోటే లేదు. ఆవిడ ఇటుకంత లాప్‌టాప్ తెరిచింది. అది లేవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాలూ భార్గవ గోడ గడియారం వైపు చూడలేకపోయాడు.

అంతలో అతనికి ఇంకో సంగతి గుర్తొచ్చింది. అవతలి మోడెమ్‌ను పీకెయ్యమన్నది తనే కదా!

వైర్‌లెస్ లాక్కుని అడిగాడు. "అప్పలకొండా, ఆ బొట్టు పెట్టె ఏం చేశావు?"

 భయపడుతూ అన్నాడతను. "తప్పైపోనాది బాబూ. తీసీమన్నారు గాని, బొట్టెట్టిన ఒస్తువు మీద సెయ్యెయ్యడానికి మనసొప్పనేదు. అక్కడే ఉంది."

మంగతాయారు ఫోను కలిపింది. మొదటిసారి తీగలో వాన హోరు తప్ప ఏమీ లేదు. గంటసేపు కలుపుతూనే ఉన్నా అంతే. చివరికి సన్నగా, పిల్లి గొంతు పట్టుకున్నట్టు, కీచుమంది.

"పలికింది," అంది ఆవిడ. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కొట్టు బాబూ, తప్పుల్లేకుండా కొట్టు."

అక్షరాలు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. భార్గవ ఆ జాబితాను చెరిపేశాడు, దారి తెరుచుకోగానే గేట్లెత్తే ఆజ్ఞ పంపాడు. మరు నిమిషంలో వైర్‌లెస్‌లో గేట్లు మూలుగుతూ లేచిన చప్పుడు, దాని మీద అప్పలకొండ ఏడుపు కలిసి వినిపించాయి.

గేట్లు లేచేసరికి పన్నెండు దాటింది. ఆలోగా కొంత నీరు గట్టు మీదుగా పొర్లి వాగువలస దిగువ వీధిలో పడింది. జనం బడి డాబా ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. కట్టేసి ఉన్న పశువులు దక్కలేదు. వాటిలో అప్పలకొండ ఆవూ దూడా ఉన్నాయి.

నీరు తీశాక భార్గవ ఆ ఊరు వెళ్ళాడు. అప్పలకొండ ఖాళీ పశువుల పాకలో నిలబడి ఉన్నాడు. కట్టుగొయ్యకు పలుపుతాడు ఇంకా వేలాడుతోంది.

"మనుసులు మిగిలారు, సాలు బాబూ," అన్నాడతను.

తప్పంతా తనదేనని భార్గవ చెప్పాడు.  అప్పలకొండ తాడు విప్పి చుట్ట చుట్టుకున్నాడు. అతను ఒక్క మాట తిట్టినా బాగుండునని భార్గవకు అనిపించింది.

ఆ తరువాతి శుక్రవారం నుంచి ఫోను కలిపేది భార్గవే. అవతల కీచుమనేదాకా బల్ల దగ్గర నుంచి కదలడు. పుస్తకంలో "పలికింది" అని రాశాకే మిగతా పనులు ముట్టుకుంటాడు.

పాతదని ఒక వస్తువును తీసి పారేసేముందు, ఆపద వేళ దాని పని చేసేది మరొకటి ఉందో లేదో చూసుకోవాలి.