కాకి దాచిన ఉగ్గుగిన్నె

అనగనగా వాగు పక్కన ఒక అడవి. అందులో నీలాలు అనే కాకి ఉండేది. పిసినారిని చూస్తే ఎంగిలిచేత్తో కాకిని తోలడంటాం కదా! మరి ఆ కాకే పిసినారి అయితే ఏమనాలి?

ఒక వానాకాలం వాగులో వెండి ఉగ్గుగిన్నె కొట్టుకొచ్చింది. అమ్మమ్మలు పసిపిల్లలకు పాలు పడతారే, చిన్న ముక్కు ఉన్న గిన్నె, అదే. నీలాలు దాన్ని గూట్లో పాత గుడ్డు పెంకుల మధ్య దాచింది. గుడ్డు తగిలితే వెండి నల్లబడుతుందని దానికేం తెలుసు, పాపం! గిన్నె మసిబారింది. ఎవరి దిష్టో తగిలిందనుకుని నీలాలు దాన్ని ఇంకా లోపలికి తోసింది. గిన్నె ఇంకా నల్లబడింది.

ఒకరోజు గంగమ్మ అనే కోతికి జ్వరం వచ్చి పాలు ఇంకిపోయాయి. పసికూన ఆకలికి అల్లాడింది. ఒక లేడి జాలిపడి పాలిచ్చింది. ఆకు దొప్పతో పడితే పాలన్నీ మెడ మీదే కారాయి. వెలగచిప్పతో పడితే ఆ మందపాటి అంచు బుల్లి నోటికి పట్టలేదు. ఈలోగా పాలు చల్లారిపోయాయి. కూనకు ఏడ్చే ఓపిక కూడా లేదు.

నీలాలు కొమ్మ మీంచి అంతా చూసింది. ఇస్తే గిన్నె పోతుంది. ఇవ్వకపోతే బిడ్డ పోతుంది. కాసేపు అటూ ఇటూ గెంతి, చివరికి గిన్నె తెచ్చి గంగమ్మ ముందు పెట్టింది. గిన్నె నల్లగా ఉన్నందుకు సిగ్గుపడింది కూడా.

పశువుల కాపరులు వండుకున్న చోట బూడిద ఉంటే, గంగమ్మ దాంతో గిన్నెను తోమింది. వెండి తెల్లగా బయటపడింది. పాలు పోసి ఎండకు కాగిన రాతి మీద పెడితే, వెండి కదా, వేడిని ఇట్టే అందుకుంది. పాలు గోరువెచ్చనయ్యాయి. గిన్నె ముక్కు నుంచి చుక్క చుక్కగా పడితే కూన గుటక వేసింది.

"నా బిడ్డను బతికించావు నీలాలూ. నీ మేలు మరిచిపోను" అంది గంగమ్మ.

ఆ తర్వాత గిన్నె గూటికి పోలేదు. బిడ్డ పుట్టిన ప్రతి ఇంటికీ తిరిగింది. రోజూ తోముతుంటే ఇక నలుపెక్కడిది?

మరుసటి ఏడు నీలాలుకు పుట్టిన పిల్ల జబ్బుపడి, మేతకు నోరు తెరవలేదు. అప్పుడు గంగమ్మ కూన గిన్నెలో తేనెనీళ్లు తెచ్చి, గిన్నె ముక్కుతో దాని నోట్లో చుక్క చుక్కగా పోసింది. పిల్ల కళ్లు తెరిచింది. తళతళలాడే గిన్నెలో నీలాలుకు తన ముఖం కనిపించింది.

"ఆ రోజు దాచుకునుంటే ఈ రోజు నాకు మసిగిన్నె మిగిలేది, బిడ్డ మిగిలేది కాదు" అంటూ కోతికూనకు దణ్ణం పెట్టింది.

నీతి: దాచుకున్న వెండి నల్లబడుతుంది, పదిమందికి పనికొచ్చిన వెండి మెరుస్తుంది, మన అవసరానికి మన దగ్గరికే వస్తుంది.