దివాను గారి బట్టల పెట్టె

పొద్దు పొడిచిన మూడు గడియలకు, బట్టలుతికే నూకాలు బట్టలు ఉడకబెట్టే బాన కడిగి ఎండలో బోర్లిస్తుండగా, దివాను జగ్గప్ప రేవుకొచ్చి పంచె ఆమె ముందు విసిరికొట్టాడు.

"ఏమే, మళ్లీ అదే ముక్కిన వాసన! నీ బాన కుళ్లింది. మూడు రోజుల్లో ఊరు వదిలిపో."

మొగుడు పోయాక నూకాలును పలకరించేది బట్టలేసే ఇళ్లవాళ్లే. ఊరు వదిలితే ఆ నాలుగు మాటలూ ఉండవు.

"పోతాను దొరా. ఈలోగా మగ్గం మీంచి దిగిన కొత్త పంచె ఒకటి మీ బట్టల పెట్టెలో దాచి చూడండి."

మూడోనాడు దివాను ఆ కొత్త పంచెతో వచ్చాడు. అదే వాసన.

"ఇది నా బాన మొహమే చూడలేదు కదా దొరా! బానను నేను రోజూ ఎండబెడతాను. మీ పెట్టె అడుగుదాకా ఖాళీచేసి ఎన్నాళ్లయింది?"

"రెండేళ్లు," అన్నాడు దివాను మెల్లగా. "నువ్వెక్కడికీ పోనక్కర్లేదు."

నాలుగు రోజుల తర్వాత దివాణం పనిమనిషి నూకాలుకు చెప్పింది. పెట్టె అడుగున ఆయన భార్య చీర ఉందట. ఆమె పోయిననాడు తాడు మీద ఆరుతున్నదాన్ని తడితోనే మడిచి దాచుకున్నాడట. ఇప్పుడు బయటికి తీసినా, ఉతకడానికి మాత్రం ఇవ్వలేదట. తనే ఎండలో పరిచి, ఆరేదాకా పక్కనే కూర్చున్నాడట.