పాత పాకలో దగ్గు

సాధువు చిదంబరయ్య కొండ మీద మూడు వానాకాలాలు ఆకుల పాకలో గడిపాడు. రెండు బండల మధ్య నాలుగు వెదురుబొంగులు, పైన అడ్డాకులు, తీగలతో వేసిన కట్లు, అంతే పాక. ఆ చెమ్మకు పట్టిన దగ్గు మూడేళ్ళూ వదల్లేదు. నాలుగో ఏడు పక్కనే చెక్కలతో గట్టి గది కట్టుకున్నాడు. తలుపుకి గొళ్ళెం కూడా బిగించాడు. ఆ కొండ మీద దొంగలెవరో అతనికే తెలియాలి. గదిలోకి మారిన రోజే దగ్గు పోయింది.

ఆ కొండ మీది సాధువులకు ఒక పద్ధతి ఉంది. పాక విడిచి వెళ్ళేవాడు తన చేతులతోనే దాని కట్లు విప్పి, ఆకుల్ని అడవిలో కలపాలి. చిదంబరయ్య విప్పలేదు. వచ్చినవాళ్ళకి దాన్ని చూపించి, "ఇందులోనే మూడేళ్ళు తపస్సు చేశాను" అనేవాడు. వాళ్ళు చేతులు జోడించేవారు. అతనికి అది బాగుండేది.

నెల తిరక్కముందే, ఒక సాయంత్రం ఖాళీ పాకలోంచి దగ్గు వినిపించింది. వెళ్ళి చూస్తే ఎవరూ లేరు. పొయ్యిలో బూడిద మాత్రం వెచ్చగా ఉంది. ఆకుల పడక మీద మనిషి ఇప్పుడే లేచి వెళ్ళినట్టు పల్లం పడి ఉంది. ఆనాటి నుంచి రోజూ అదే వరస. ధ్యానానికి కూర్చుంటే ఒళ్ళు జలదరించేది.

మూడేళ్ళుగా అడుగుతున్న ఉపదేశం వచ్చే పౌర్ణమికి ఇస్తానని గురువు నిజలింగస్వామి మాటిచ్చి ఉన్నాడు. ఈ భయంతో అది దక్కకుండా పోతుందేమోనని చిదంబరయ్య ముందే వెళ్ళి చెప్పుకున్నాడు.

"పాకలో ఎవరో ఉన్నారు స్వామీ. దగ్గుతున్నారు. అది నా దగ్గే."

"పౌర్ణమికి నేనే వస్తాలే" అన్నాడు గురువు.

అన్నట్టే పౌర్ణమి నాడు పొద్దు వాలుతుండగా వచ్చి, కొత్త గది గడప మీద కూర్చున్నాడు. చిదంబరయ్య ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"చిదంబరం!" అని పిలిచాడు గురువు.

అతను నోరు తెరిచేలోపే పాకలోంచి జవాబొచ్చింది.

"వస్తున్నా స్వామీ."

తన గొంతే. ఆ వెనకే దగ్గు.

చిదంబరయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. గురువు మాత్రం ఇందులో వింతేమీ లేనట్టు లేచి పాక వైపు నడిచాడు.

"ఎక్కడికి స్వామీ?"

"ఉపదేశం ఇవ్వడానికి. అడిగినవాడు అక్కడున్నాడుగా."

"మరి నేను?"

గురువు ఆగి అతన్ని ఎగాదిగా చూశాడు.

"నువ్వెవరు నాయనా?"

చిదంబరయ్యకు ఏడుపొచ్చింది. గురువుని దాటి పరుగెత్తి పాక ముందు కూలబడ్డాడు. కొడవలి కోసం చూడలేదు. వేళ్ళతోనే ఒక్కో కట్టూ విప్పసాగాడు. లోపల ఎవరో కష్టంగా ఊపిరి తీస్తున్నారు. అతను తల ఎత్తలేదు. ఆకులు జారాయి, బొంగులు ఒరిగాయి. గురువు అక్కడే నేల మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

చివరి ముడి వీడింది. లోపలి ఊపిరి ఆగిపోయింది. మరుక్షణం చిదంబరయ్య గుండెల్లోంచి దగ్గు తన్నుకొచ్చింది. పాత దగ్గే.

గురువు కళ్ళు తెరవలేదు.

"వచ్చావా" అన్నాడు. "కూర్చో."